దిబ్బ మీది వాళ్లు ఎందుకు కదలరు?

(అవనిగడ్డలో నవంబరు 19న జరిగిన ఉప్పెన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న సోదరులకు, వెనుక గోడ వారగా నిలబడ్డ అక్కచెల్లెళ్లకు నమస్కారం. ముందు వాళ్లకు కుర్చీలు వేయించండి. పొద్దున్నే రేవు దాటి, ఆటో ఎక్కి వచ్చినవాళ్లు. వాళ్లు కూర్చున్నాక మొదలుపెడతాను.

‘ఉప్పెన: నాడు, నేడు’ అనే అంశం ఇచ్చారు. నాటి సంగతి ఈ ఊళ్లో నేను చెప్పనక్కర లేదు. 1977 నవంబరు 19, శనివారం. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి దివిసీమ మీద పడింది. సర్కారు లెక్కలో పోయినవాళ్లు 10 వేల దరిదాపు. మన లెక్కలో ఇంకా ఎక్కువ. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు చెబితే చాలు, ఇక్కడ ఎవరి ఇంటి సంగతి వాళ్లకు గుర్తొస్తుంది. ఆ తరువాత మన నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు ఈ సీమను మళ్లీ నిలబెట్టడానికి పడిన పాటు గురించి ఇందాక వక్తలు చెప్పారు. ఆ మాటలన్నిటికీ నేను తలవంచుతున్నాను. నాకిచ్చిన పావుగంటనూ నేటి సంగతికే వాడుకుంటాను.

ప్రతి తుపానుకూ నేను వినే మాట ఒకటుంది. టీవీలో వింటాను, ఆఫీసుల్లో వింటాను, మన బజారులోనూ వింటాను. ‘దిబ్బల మీది వాళ్లు మొండివాళ్లు. ఎంత చెప్పినా కదలరు.’ దిబ్బలంటే కృష్ణ సముద్రంలో కలిసేచోట పాయల మధ్య ఉన్న దీవులు. ఈ మాట నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. ఇవాళ దాని సంగతి తేల్చుకోవాలనే వచ్చాను.

పొరపాటు పడకండి, తరలింపు వద్దని నేననను. 1990 మేలో దాదాపు అంత బలమైన తుపాను మన కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. పోయిన ప్రాణాలు వెయ్యికి లోపు. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించబట్టే అది సాధ్యమైంది. 77కీ 90కీ మధ్య ఆ తేడా తెచ్చిన ప్రతి ఉద్యోగికీ చేతులెత్తి మొక్కాలి. కదిలితే ప్రాణం దక్కుతుందని దిబ్బ మీది వాళ్లకూ తెలుసు. మనకన్నా బాగా తెలుసు. ఇక్కడ వాళ్ల పెద్దలు పోయారు, మీ పెద్దలు పోయారు. తెలిసీ ఎందుకు కదలరో ఒక్కసారైనా అడిగామా?

నేను ఆ దీవుల్లో ఒక బడిలో పాఠాలు చెప్పాను. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ అన్నీ ఒకటేనని బయటివాళ్లు అనుకుంటారు. కావు. ఒక్కో దిబ్బకు ఒక్కో రేవు, ఒక్కో కష్టం. అందరికీ ఉమ్మడిది ఒకటే, కృష్ణ పాయ దాటాలి. మామూలు రోజున దాటడం వేరు. తూర్పుగాలి మొదలై, పోటు కూడా తోడైతే పాయ అవతల అరకోసు దూరం కనిపిస్తున్నా పడవ వేయడానికి నడిపే సరంగులే జంకుతారు. అంటే గాలి రాకముందే, ఎండ కాస్తుండగానే బయలుదేరాలి. ఎండ కాస్తున్న రోజున వేట వదులుకుని, ఇల్లు వదులుకుని వెళ్లమంటే ఎవరికైనా కాళ్లు ఆడవు.

ఒక తుపాను హెచ్చరిక రోజు చెబుతాను. మధ్యాహ్నానికి అధికారి పడవలో వచ్చారు. మైకులో చెప్పారు, తరువాత కేకలేశారు. ‘మీకు ప్రాణం మీద తీపి లేదా?’ అన్నారు. ఒక పెద్దాయన, నాకు వరసకు బాబాయి అవుతాడు, పడవలో నడుం వంచి ఇంజిను బోల్టులు విప్పుతున్నాడు. తల ఎత్తలేదు. ‘ప్రాణం వస్తానంటోంది బాబూ. ఇది రానంటోంది’ అన్నాడు.

ఆ ఇంజిను అప్పుది. షావుకారు ముందు డబ్బు ఇస్తాడు, బదులుగా పట్టిన రొయ్యా పీతా తక్కువ ధరకు ఆయనకే పోయాలి. పడవ పోతే బాకీ పోదు. వలలు పోతే బాకీ పోదు. ప్రాణం దక్కించుకుని తిరిగి వచ్చినవాడికి ఆ బాకీ రేవులోనే ఎదురొస్తుంది. ప్రభుత్వం ఇచ్చే నష్టపరిహారం తరువాతి మాట. అది కొత్త ఇంజిను ధరకు ఎంత దూరంలో ఉంటుందో వేట చేసేవాళ్లను అడగండి.

ఆ సాయంత్రం నేను బడి తలుపులు తీశాను. ఇంజిన్లు నలుగురేసి మోసుకొచ్చి తరగతి గదిలో బల్లల మీద పెట్టారు. పేపరు పరిచి, టార్పాలిన్ కప్పి, బోల్టులు ఒక్కో గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టారు. ఎవరిది ఏదో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాశాను. అది అయ్యాక ఊరు కదిలింది. ఇంజిను కోసం ఒక్కరూ మొండికేయలేదు. ఆడవాళ్లు మేకల్ని కూడా పడవ ఎక్కిస్తామన్నారు, వీలుకాదన్నారు. ఆ మేకల కోసమే మళ్లీ ఇద్దరు వెనక్కి ఉండిపోయారు. తుపాను పోయాక వారం రోజులు తరగతిలో డీజిల్ వాసన పోలేదు. బడిని గోదాము చేశానని నాకు మెమో కూడా వచ్చింది. ఆ సంగతి పక్కన పెట్టండి. ఇంజినుకు చోటు దొరికితే మనిషి కదిలాడు. నేను చెప్పదలచుకున్నదంతా అదే.

అధ్యక్షుల వారు గంట చూపిస్తున్నారు. ఒక్క మాట. ఉప్పునీటి పాయల ఒడ్డున పెరిగే మడ అడవి గురించి.

గాలికి ముందు మనవాళ్లు పడవల్ని ఎక్కడికి తోస్తారు? మడ కాలువల లోపలికి. వంపులు తిరిగే సన్న కాలువలో, రెండు వైపులా మడ చెట్లకు తాళ్లు బిగించి కడితే పెద్ద గాలికి కూడా పడవ చాలావరకు నిలుస్తుంది. ఈ మడ అడవుల్లో కొంత భాగాన్ని 1989లో కృష్ణ అభయారణ్యంగా ప్రకటించారు. దాని అంచుల్లోనూ బయటా చెరువులు తవ్వుతూ వచ్చారు. తీరానికి దగ్గరలో రొయ్యల చెరువులు వద్దని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, అయినా తవ్వకం ఆగలేదు. ఎక్కడ కాలువ మూసి గట్టు వేశారో అక్కడ పడవకు నీడ పోయింది. చెరువుల వాళ్లు కూడా ఈ సభలో ఉన్నారు, నాకు తెలుసు. మీరూ మావాళ్లే. కోపం తెచ్చుకోండి, పరవాలేదు, కానీ ఒక్కసారి ఆ కాలువల్లోకి వచ్చి చూడండి. 1999 ఒడిశా తుపానులో మడ వెడల్పుగా మిగిలిన ఊళ్లలో చావులు తక్కువని పరిశోధకులు లెక్కకట్టి చూపించారు. మడ అలను ఆపుతుందని అందరూ అంటారు. పడవను దాచిపెడుతుందనీ, పడవ దాగితే మనిషి కదులుతాడనీ కూడా కలిపి చెప్పండి.

అటవీశాఖ వాళ్లు చేపముల్లు ఆకారంలో చిన్న చిన్న కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి పారించి, ఎండిన చోట మళ్లీ మడ పెంచారు. అలాంటి పని ఈ దిబ్బల చుట్టూ ఇంకా కావాలి. ఎక్కడ కావాలో చూపించడానికి వేటగాళ్లు సిద్ధంగా ఉన్నారు.

కలెక్టరు గారి తరఫున వచ్చిన పెద్దలు వేదిక మీద ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మీ తుపాను ప్రణాళికలో మనుషుల సంఖ్య, బియ్యం, నీళ్లు, కొవ్వొత్తులు ఉంటాయి. పడవ, ఇంజిను, వల, మేక కూడా రాయండి. ప్రతి దిబ్బకూ ఇంజిన్లు పెట్టుకునే ఎత్తైన గది ఒకటి, దానికి తాళం, పెట్టినవాడి చేతిలో రసీదు. మేకల కోసం ఒక పంటు, అంటే బల్లకట్టు లాంటి వెడల్పు పడవ. హెచ్చరిక వచ్చాక మొదటి పడవలు వీటి కోసం, రెండో పడవలు మనుషుల కోసం. తలకిందులుగా అనిపిస్తుంది. కానీ అలా చేస్తే రెండో పడవ నిండుగా కదులుతుంది.

ఈ కోరికలన్నీ అర్జీగా రాయించాను. ఆ చివరి బల్ల మీద, భోజనాల గది దారిలో ఉంది. దిబ్బల నుంచి వచ్చినవాళ్లు సాయంత్రం పోటుకు ముందే రేవు చేరాలి, కాబట్టి వాళ్ల సంతకాలు ముందు పెట్టించండి. వేలిముద్ర వేసేవాళ్ల కోసం ఇంకు డబ్బా కూడా అక్కడే పెట్టాం. సెలవు.