429 కోట్ల సంఖ్యకు 641 పెట్టిన సంత

నమస్కారం. ఒడిశాలోని రాయగడలో నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లల అలవాటు ఒకటి నన్ను చాలాకాలంగా విసిగిస్తోంది. పెద్ద సంఖ్యను ఇచ్చి ఇది ప్రధాన సంఖ్యేనా అని అడిగితే, 3, 7, 11, 13లతో భాగించి, శేషం మిగిలేసరికి ప్రధానమేనని తేల్చేసి నోటుపుస్తకం మూసేస్తారు. అందుకే ఈ రోజు 4294967297ను తీసుకున్నాను. పైవాటిలో ఏదీ దీనిని నిశ్శేషంగా భాగించదు.

2ను 1, 2, 4, 8, 16 ఘాతాలకు హెచ్చించి ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 ఐదూ ప్రధాన సంఖ్యలే. 32వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే మన సంఖ్య కూడా అలాంటిదేనని 1640 నాటికి ఫెర్మా అంతటి గణితవేత్త నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దానిని 641తో భాగించి చూపాడు.

అసలు భాగహారమే చేయకుండా దీనిని చూపవచ్చు. బిస్సంకటక్ దగ్గరి చాటికోనలో ప్రతి బుధవారం సంత జరుగుతుంది; నియమగిరి కొండల మీది డోంగ్రియా కోందు గిరిజనులు పసుపు, అరటి, పనస దించుకొని వస్తారు. ఏడు రోజులకొక సంత కనుక, సంత రోజు నుంచి ఆరు రోజులు లెక్కపెట్టినా, ఒక రోజు వెనక్కి వెళ్లినా పడేది మంగళవారమే. ఇప్పుడు 641 రోజులకొకసారి జరిగే సంతను ఊహించండి. (అన్నాళ్లూ పనసపండ్లు ఏమవుతాయని మాత్రం అడగకండి.)

ఈ సంతలో 640 అంటే ముందు రోజు, అనగా −1. 640 అంటే 5 × 2⁷. రోజులను రోజులతో గుణించడమేమిటన్న సందేహం సహజమే కాని, శేషాలను గుణించినా లెక్క చెడదు. కాబట్టి రెండువైపులా నాలుగో ఘాతానికి హెచ్చిస్తే −1 కాస్తా +1 అయి, 625 × 2²⁸ సంత మరునాడు పడుతుంది. మరి 625 ఎప్పుడు? సంతకు 16 రోజుల ముందు, అనగా −2⁴. దానిని 625 స్థానంలో పెడితే −2³² సంత మరునాడు పడుతుంది; గుర్తు మారిస్తే 2³² సంత ముందు రోజున పడుతుంది. దానికి ఒకటి కలిపితే సరిగ్గా సంత రోజే, అంటే 641తో భాగిస్తే శేషం మిగలదు! గణితంలో ఇంత ముచ్చటైన నిరూపణలు అరుదని నా అభిప్రాయం.

సమయం అయిపోతోంది కనుక మిగిలినది త్వరగా చెబుతాను. ఈ సంఖ్య ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి; దీనిని ఆయిలరే నిరూపించాడు, వివరం మరో వీడియోలో చూద్దాం. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అంటే అయిదో ప్రయత్నంలోనే దొరుకుతుంది. 2 నుంచి వరుసగా ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ పోతే 641 వంతు 116వది. భాగఫలం 6700417. దాని వర్గమూలం 2588 దాటి కొద్దిగా ఉంటుంది, అంతవరకు ఇదే నియమంతో వెతికితే చాలు. ఏదీ భాగించదు కనుక అది ప్రధాన సంఖ్యే. ఇక 65537 తరువాత ఈ వరుసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.