పాటల పిచ్చి అని తీసిపారేయకండి
(విజయవాడలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో 1914లో గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు ఇది. ఇక్కడ ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా మనం ఒకే మాట చెప్పుకుంటాం: పిల్లలు పుస్తకాలు వదిలేసి ఫోన్లు పట్టుకున్నారని. నన్ను కూడా పుస్తక పఠనం మీదే మాట్లాడమన్నారు. దాని దగ్గరికి వస్తాను. ముందు ఇంకో సంగతి చెప్పాలి. అది చెప్పకుండా నాకు మాట ముందుకు సాగదు.

మా అక్క మనవరాలు మన చుట్టుపక్కలే ఒక కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. పిల్ల పేరు చెప్పను, కాలేజీ పేరూ చెప్పను. దానికి బీటీఎస్ అంటే ప్రాణం. ఏడుగురు కొరియా కుర్రాళ్లు, 2013 జూన్‌లో మొదలైన పాటల బృందం. వాళ్ల అభిమానులు తమని ఆర్మీ అని పిలుచుకుంటారు. హాస్టల్లోకి ఫోన్ రానివ్వరు కాబట్టి ఇది ఫోటోకార్డులు తెచ్చుకుంది. ఆ కుర్రాళ్ల బొమ్మలతో ఆల్బమ్‌తో పాటు వస్తాయవి, ఏటీఎం కార్డంత ఉంటాయి. ఒక ఆదివారం పెట్టెలు తనిఖీ చేస్తే అవి బయటపడ్డాయి. వార్డెన్ అమ్మాయిలందరినీ వరండాలో నిలబెట్టి ఆ కార్డులు ఒక్కొక్కటే చింపించింది. ఎవరిచేత? దానిచేతే. "వీళ్లు నీకేమవుతారే?" అని కార్డు కార్డుకీ అడిగిందట. కబురు అందుకుని వెళ్లిన దాని నాన్న, అంటే మా అల్లుడు, వార్డెన్‌కి థాంక్స్ చెప్పి వచ్చాడు.

నాకు కోపం వార్డెన్ మీద కంటే ఆ థాంక్స్ మీద ఎక్కువ.

ఎందుకంటారా? కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లం మనం. హీరో సినిమా వస్తే కటౌట్లకు పాలు పోస్తాం. పాత సినిమా మళ్లీ వేస్తే థియేటర్లో కాగితాలు చింపి ఎగరేస్తాం. అదంతా మగపిల్లల అభిమానం. పెద్దవాళ్లు నవ్వి ఊరుకుంటారు, కొందరు చందాలు కూడా ఇస్తారు. అదే ఒక ఆడపిల్ల నాలుగు బొమ్మలు పెట్టెలో దాచుకుంటే పిచ్చి అయిపోయింది. ఇక్కడ ఉన్న నాన్నలూ, మీ గోడ మీద మీ పదహారో ఏట ఎవరి బొమ్మ ఉండేదో గుర్తు చేసుకోండి.

ఇది ఈ కాలంలో పుట్టిన జబ్బు కూడా కాదు. 1840ల్లోనే ఫ్రాంజ్ లిస్ట్ అనే పియానో విద్వాంసుడి కోసం యూరప్‌లో జనం వెర్రెత్తిపోతే, హైనే అనే జర్మన్ కవి ఆ వెర్రికి లిస్టోమేనియా అని పేరు పెట్టాడు. అంత దూరం ఎందుకు? మా రోజుల్లో కోరిన పాటలు వేసే జనరంజని కార్యక్రమానికి కార్డు రాసి, రేడియోలో మన ఊరి పేరు, మన పేరు వినపడితే వీధి వీధంతా చెప్పుకునేవాళ్లం. పాట మూడు నిమిషాలు, పేర్లు రెండు నిమిషాలు. ఆ పేర్ల కోసమే చెవులు రిక్కించేవాళ్లం. మనం ఒక్కళ్లమే కాదు, ఈ పాట ఇష్టమైనవాళ్లు తెనాలిలో ఉన్నారు, నూజివీడులో ఉన్నారు అని తెలిస్తే ఎంత బలం! ఈ పిల్లలకి ఆ బలం ఫోన్లో దొరుకుతోంది.

అయితే జనరంజని మన దగ్గర డబ్బు అడగలేదు. రాత్రి రెండు గంటలకి లేపలేదు. ఇక్కడే తేడా. తల్లిదండ్రులు ఇది శ్రద్ధగా వినండి.

ఆల్బమ్‌లో ఏ కార్డు వస్తుందో కొనేదాకా తెలియదు. ఏడుగురిలో మా పిల్లకి జిమిన్ ఇష్టం. వీళ్ల భాషలో చెప్పాలంటే వాడు దాని బయాస్. జిమిన్ కార్డు రాకపోతే ఇంకో ఆల్బమ్ కొనాలి, లేదా ఎవరి దగ్గరో మార్చుకోవాలి. అమ్మేవాళ్లు తెలిసే అలా పెట్టారు. కొన్ని యాప్‌లలో నెలకింత కడితే గాయకుడు మెసేజ్ పెడతాడు. అతను రాసేది అందరికీ కలిపి ఒకటే. పిల్ల ఫోన్లో మాత్రం తనొక్కదానితోనే మాట్లాడుతున్నట్టు, తను పెట్టుకున్న ముద్దుపేరుతో సహా కనిపిస్తుంది. పదిహేనేళ్ల పిల్ల నమ్మదూ? 2020 అక్టోబరులో బీటీఎస్ కంపెనీ కొరియా షేర్ మార్కెట్లోకి వెళ్లింది. మన పిల్లల ఇష్టానికి అక్కడ రోజూ ధర కడుతున్నారు.

ఇక స్ట్రీమింగ్ అని ఒకటుంది, పాట చూసినవాళ్ల లెక్క పెంచడానికి పదే పదే పెట్టుకుని చూడటం. అదే ఏడాది ఆగస్టులో వాళ్ల 'డైనమైట్' పాట మన టైం ప్రకారం ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చింది. 24 గంటల్లో యూట్యూబ్‌లో పది కోట్ల పైన చూశారు. అది ఊరికే వచ్చిన లెక్క కాదు. లెక్కలోకి రావాలంటే సౌండు పూర్తిగా తీసేయొద్దు, ఒకే వీడియో తిప్పి తిప్పి పెట్టొద్దు, మధ్యలో వేరేవి చూసి మళ్లీ రండి అని పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటూ, రాత్రంతా వంతులు వేసుకుని పనిచేస్తారు. కూలి లేని పని. అప్పుడు మా పిల్ల ఎనిమిదో తరగతి. ఆన్‌లైన్ క్లాసు ఒక ఫోన్లో, పాట ఇంకో ఫోన్లో. వేరే బృందం అభిమానులతో తిట్లు, గొడవలు కూడా ఉంటాయి. చదివితే కళ్లు తిరుగుతాయి. అవేవీ నేను వెనకేసుకురాను.

కార్డులు చింపేశాక ఏమైందో చెప్పాలి. పిచ్చి తగ్గిందా? సెలవులకి ఇంటికొచ్చి సోషల్ మీడియాలో దొంగ పేరుతో అకౌంటు తెరిచింది. అక్కడ ఎవరో, కార్డులు పోయాయని బాధపడకు, అందరం కలిసి గ్రూప్ ఆర్డర్ పెడుతున్నాం, నువ్వూ చేరు అన్నారు. దాచుకున్న నాలుగు వేల చిల్లర పంపింది. తెల్లారేసరికి డబ్బు తీసుకున్నవాళ్ల అకౌంటు లేదు. నాన్నకి చెప్పలేదు, ఎలా చెబుతుంది? నెల తర్వాత నాకు చెప్పింది. "చిన్నమ్మమ్మా, డబ్బు పోయినందుకు కాదు, నీకు బుద్ధి లేదంటారని భయమేసింది" అంది.

2024 జనవరిలో పేపర్లో చదివే ఉంటారు. తమిళనాడు కరూరు జిల్లాలో ఎనిమిదో తరగతి చదివే ముగ్గురు ఆడపిల్లలు బీటీఎస్‌ని చూడాలని ఇల్లు వదిలారు. చేతిలో 14 వేల రూపాయలు. మన విశాఖపట్నం వచ్చి ఓడెక్కి కొరియా వెళ్లాలని వాళ్ల ప్లాన్. కాట్పాడి స్టేషన్లో పోలీసులకు దొరికారు కాబట్టి సరిపోయింది. ముగ్గురు పిల్లలు కూర్చుని అంత ప్లాన్ వేసుకునేదాకా వాళ్ల ఇష్టం ఏమిటో ఇంట్లో ఎవరైనా పక్కన కూర్చుని అడిగారా అని నాకు ఆ రోజంతా అదే ఆలోచన. మీరు అడుగుతున్నారా? వార్డెన్ అడిగినట్టు కాదమ్మా. ఏ పాట, ఏముంది అందులో, నాకూ వినిపించు అని.

నేను అడిగాను. అడిగితే మా పిల్ల తనకి ఒక పుస్తకం కావాలంది. ఇదిగో, కార్యదర్శి గారూ, మీ విషయానికే వచ్చాను. బీటీఎస్ వాళ్లు 2016లో తెచ్చిన 'వింగ్స్' అనే ఆల్బమ్‌కి హెర్మన్ హెస్సే నవల 'డెమియాన్' ఆధారం. మనవాళ్లకి 'సిద్ధార్థ'తో తెలిసిన హెస్సేనే. 1919లో వచ్చిన నవల, పదేళ్ల పిల్లవాడితో మొదలై వాడు పెద్దవాడయ్యేదాకా వాడి లోపలి గొడవంతా చెబుతుంది. పాట వెనక ఏముందో తెలుసుకోవాలని ఒక ఇంటర్ పిల్ల జర్మన్ నవల అడుగుతోంది! ఇన్నేళ్లు తెలుగు పాఠాలు చెప్పాను, సిలబస్‌లో లేని పుస్తకాన్ని తనంతట తాను అడిగిన పిల్లలు నాకు ఎక్కువమంది తగల్లేదు. దాన్ని తీసుకుని మనూళ్లో రెండు గ్రంథాలయాలు తిరిగాను. రెండు చోట్లా పుస్తకం లేదు. ఒకచోట, ఇంటర్ పిల్లకి నవలలెందుకండీ, ఎంసెట్ మెటీరియల్ ఉంది, తీసుకెళ్లండి అన్నారు.

పిల్లలు చదవడం లేదని ఇక నా దగ్గర అనకండి.

నా కోరికలు చిన్నవే. హాస్టళ్లు నడిపేవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, నియమం ప్రకారం తీసుకున్న వస్తువుని కవర్లో పెట్టి, పేరు రాసి, సెలవులకి వెళ్లేటప్పుడు తిరిగి ఇవ్వండి. పదిమందిలో చింపించకండి. తల్లిదండ్రులు డబ్బు లెక్క అడగండి, నిద్ర లెక్క అడగండి, పాటని మాత్రం తిట్టకండి. కార్యదర్శి గారూ, నెలకో శనివారం సాయంత్రం ఈ హాలు ఈ పిల్లలకి ఇవ్వండి. వాళ్ల పాటలు వాళ్లు పెట్టుకుంటారు, అర్థాలు చెప్పుకుంటారు. పెద్దవాళ్లం ఒకరిద్దరం ఉంటాం, నేను వస్తాను. పుస్తకం పేరు ఈ కాగితం మీద రాసి తెచ్చాను. ఈసారి కొనుగోళ్లలో రెండు కాపీలు తెప్పించండి. ఒకటి చాలదు.

సెలవు.