వెలివేసినా బడి మూయని మదర్

శ్రోతలకు నమస్కారం.

పేదపిల్లలకు చదువు చెప్పే సిస్టర్లు ఎలా బతకాలో ఎవరు నిర్ణయించాలి? ఈ ఒక్క ప్రశ్న కోసం జీవితమంతా పోరాడిన ఒక మదర్ గురించి ఇవాళ చెబుతాను. ఆమె పేరు మేరీ మెకిలప్. ఆస్ట్రేలియా దేశస్థురాలు.

1842లో మెల్‌బోర్న్‌లో పుట్టారు. తల్లిదండ్రులు స్కాట్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. ఎనిమిదిమంది పిల్లల్లో ఈమే పెద్ద. తండ్రికి చదువుంది గానీ చేతిలో డబ్బు నిలిచేది కాదు. ఇల్లు గడవడానికి ఈమె పద్నాలుగో ఏటే ఒక స్టేషనరీ దుకాణంలో గుమాస్తాగా చేరారు. తర్వాత పెనోలా అనే చిన్న ఊళ్లో బంధువుల పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లారు. అక్కడే జూలియన్ టెనిసన్ వుడ్స్ అనే ఫాదర్ పరిచయమయ్యారు. చుట్టుపక్కల రైతుల పిల్లలకు అక్షరం ముక్క రావడం లేదని ఇద్దరికీ ఒకటే బాధ.

1866లో పెనోలాలో పాతబడిన ఒక గుర్రాలశాలను మేరీ తమ్ముడు బాగుచేసి ఇచ్చాడు. అదే బడి. ఇవ్వగలిగినవాళ్లు ఎంతో కొంత ఇచ్చేవారు, లేనివాళ్లను ఎవరూ అడిగేవారు కాదు. మరుసటి ఏడాది ఆమె అడిలైడ్ చేరి కొత్త మఠానికి పెద్ద అయ్యారు. సెయింట్ జోసెఫ్ సిస్టర్లని పేరు. గోధుమరంగు అంగీ వేసుకునేవారు.

వీళ్ల నియమాలు కాస్త వివరంగా చెప్పాలి. సిస్టర్లు ఇద్దరు ముగ్గురు చొప్పున మారుమూల పల్లెలకు వెళ్లి, అక్కడి జనం ఎలాంటి గుడిసెల్లో ఉంటే అలాంటి వాటిలోనే ఉండేవారు. ఆస్తి కూడబెట్టకూడదు. పియానో నేర్పకూడదు. ఇదేం నియమం అనిపించవచ్చు. ఆ రోజుల్లో కాన్వెంట్లకు సంగీతం పాఠాలు మంచి రాబడి. పియానో వస్తే దాని వెంట కలవారి పిల్లలు వస్తారు, మెల్లగా పేదపిల్లలు వెనకబెంచీకి చేరతారు. ఆ ఒక్క నియమం చూస్తే చాలు, ఆమె దృష్టి ఎవరి మీద ఉందో తెలుస్తుంది.

అసలు గొడవ మాత్రం పెత్తనం దగ్గర వచ్చింది. ఆ కాలంలో బిషప్పు గారి పరిధిలోని మఠం ఆయన చెప్పినట్టు నడవాలి. వీళ్లేమో సిస్టర్లంతా కలిసి ఎన్నుకున్న మదర్ జనరలే అందరినీ నడిపించాలన్నారు. ఏ బిషప్పు పరిధిలో ఉన్నా నియమం ఒకటే, కుటుంబం ఒకటే. నాకు ఇది చాలా న్యాయమైన కోరిక అనిపిస్తుంది. ఎక్కడో అడవి పక్కన ఇద్దరే ఉండే సిస్టర్లలో ఒకరు జబ్బుపడితే ఇంకొకరిని పంపాలంటే, వాళ్ల కష్టం తెలిసిన మనిషి చేతిలో ఆ అధికారం ఉండాలి కదా!

అడిలైడ్ బిషప్పు షీల్ గారు నియమాలు మార్చబోయారు. మేరీ ఒప్పుకోలేదు. 1871 సెప్టెంబరు 22న ఆయన మఠం ప్రార్థనాలయంలోనే, మోకాళ్ల మీద ఉన్న ఆమెను శ్రీసభ నుంచి, అంటే కాథలిక్ చర్చి నుంచి, వెలివేస్తున్నట్టు ప్రకటించారు. అప్పటికి ఆమెకు 29 ఏళ్లు. పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె, దివ్యసత్ప్రసాదం, ఆమెకు లేదు. కాథలిక్కులు ఆమెతో మాట్లాడకూడదు. బడులు చాలావరకు మూతపడ్డాయి. బయటికి వచ్చేసిన సిస్టర్లు ఉండటానికి ఇమాన్యుయెల్ సాలమన్ అనే యూదు వర్తకుడు అద్దె లేకుండా ఇల్లిచ్చారు. ఈ వెలి చెల్లదని నమ్మిన, జెస్విట్ అనే గురువుల సభకు చెందిన ఫాదర్లు ఆమెకు సత్ప్రసాదం ఇస్తూనే ఉన్నారు. ఇంత జరిగినా బిషప్పు గారి గురించి చెడుగా మాట్లాడవద్దని ఆమె సిస్టర్లను వారించారు. ఐదు నెలలకు, మరణశయ్య మీద ఉన్న షీల్ గారే ఆ శిక్షను ఎత్తేశారు.

1873లో ఆమె ఓడెక్కి రోము వెళ్లి తొమ్మిదో పయస్ పోపు గారిని కలుసుకున్నారు. ఎన్నుకున్న మదర్ జనరలే ఉండాలన్న మాటను రోము సమర్థించింది. ఆస్తి వద్దన్న నియమాన్ని మాత్రం సడలించింది. ఆ సడలింపు వుడ్స్ గారికి నచ్చలేదు, ఆమెనే తప్పుపట్టారు. కలిసి మొదలుపెట్టిన మనిషి దూరమవడం ఆమెను చాలా బాధపెట్టింది. ఒక్కోసారి శత్రువుల కంటే ఇలాంటివే ఎక్కువ నొప్పి.

కష్టాలు అక్కడితో ఆగలేదు. 1883లో ఇంకో బిషప్పు ఆమెను అడిలైడ్ నుంచి పంపించేశారు. సిడ్నీ చేరారు. 1885లో మదర్ జనరల్ పదవి కూడా పోయింది, ఆమె స్థానంలో మదర్ బెర్నార్డ్ వచ్చారు. మేరీ మారుమాట లేకుండా ఆవిడ కింద పనిచేశారు. 1888లో పదమూడో లియో పోపు గారు మఠానికి శాశ్వత ఆమోదం ఇచ్చినప్పుడు, మేరీ దేనికోసం పోరాడారో ఆ పద్ధతే ఖాయమైంది, కానీ పెద్దకుర్చీలో ఆమె లేరు! 1899లో సిస్టర్లు మళ్లీ ఆమెనే ఎన్నుకున్నారు.

1902లో న్యూజిలాండ్‌లో ఉండగా పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఎడమచేత్తో రాయడం నేర్చుకుని సిస్టర్లకు ఉత్తరాలు రాశారు. చక్రాల కుర్చీలో ఉన్నా 1905లో మళ్లీ ఆమెనే ఎన్నుకున్నారు. 1909 ఆగస్టు 8న కన్నుమూశారు. 2010 అక్టోబరు 17న పదహారో బెనెడిక్ట్ పోపు గారు ఆమెను ఆస్ట్రేలియా తొలి పునీతురాలిగా ప్రకటించారు.

సిడ్నీలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. మీ పిల్లలో, బంధువులో అక్కడుంటే, నార్త్ సిడ్నీ మౌంట్ స్ట్రీట్‌లోని ఆమె సమాధి మందిరానికి ఒకసారి తీసుకెళ్లమని అడగండి.

నమస్కారం.