అద్దం చెరిపిన ఆనవాలు: మిథైల్ రాడికల్

అందరికీ నమస్కారం. రాడికల్ అంటే హైదరాబాద్‌లో కొందరికి గోడల మీది నినాదాలు గుర్తొస్తాయి. మన రాడికల్‌కు అంత ఆయుష్షు లేదు. జంట లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు ముక్కే రాడికల్. మీథేన్ నుంచి ఒక హైడ్రోజన్ ఊడదీస్తే మిగిలేది మిథైల్. ఆ ఒక్క బంధం తెంచడానికే మోల్‌కు 439 కిలోజౌళ్లు కావాలి. తీరా చేసి ఈ హాల్లో వదిలితే మైక్రోసెకను కూడా నిలవదు. ఆక్సిజన్ పట్టేసుకుని మిథైల్ పెరాక్సీగా మార్చేస్తుంది.

మరి ఉందని రుజువు చేయడం ఎట్లా? 1929లో పానెత్, హోఫెడిట్జ్ అనే రసాయన శాస్త్రవేత్తలు దారి చూపారు. 2 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర హైడ్రోజన్ ప్రవాహంలో టెట్రామిథైల్ లెడ్ (సీసానికి నాలుగు మిథైళ్లు అతుక్కున్న పదార్థం) ఆవిరి కలిపి గొట్టంలోకి పంపారు. బర్నర్‌తో కాల్చినచోట సీసం అద్దంలా పేరుకుంది. తర్వాత బర్నర్‌ను ఎగువకు జరిపారు. అక్కడ కొత్త అద్దం ఏర్పడుతుంటే, దిగువన చల్లగా ఉన్న పాత అద్దం చెరిగిపోయింది! ఎగువన పుట్టినదేదో వచ్చి సీసాన్ని తినేసింది. సీసం బదులు జింకు అద్దం పెడితే డైమిథైల్ జింక్ దొరికింది. నా దృష్టిలో అసలు సాక్ష్యం ఇదే. అద్దం చెరగడానికి వేరే కారణాలు వెతకొచ్చు, ఈ పదార్థానికి మిథైల్ తప్ప మరో దారి లేదు.

దూరం లెక్క ముఖ్యం. వాళ్లు కొలిచిన అర్ధాయువు సుమారు 0.006 సెకను. వాయువు సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతోందనుకోండి, ప్రతి 6 సెంటీమీటర్లకు సగం పోతాయి. అద్దం 30 సెంటీమీటర్ల దూరాన ఉంటే 32వ వంతే చేరుతుంది. అద్దం మందంగా ఉన్నా, పంపు మెల్లగా లాగినా గంటసేపు చూసినా ఏమీ కదలదు. కీలు దగ్గర గాలి కారితే మరీ మోసం: మిథైల్‌ను ఆక్సిజన్ మింగేస్తుంది, సీసం మీద ఆక్సైడ్ పొర కడుతుంది. మీరు పద్ధతినే అనుమానిస్తారు. ముందు గ్రీజు చూడండి.

కాలేజీ ల్యాబ్‌లో ఇది చేయొద్దు. టెట్రామిథైల్ లెడ్ విషం, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. నేడు 193 నానోమీటర్ల లేజర్‌తో అసిటోన్ ఆవిరిని చీల్చి, 216 దగ్గర మిథైల్ శోషణను నేరుగా కొలుస్తారు. జంట లేని ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో పట్టి చూపే ఈఎస్ఆర్ (ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్)లో 1:3:3:1 నిష్పత్తిలో నాలుగు గీతలు, మధ్య ఎడం సుమారు 23 గాస్. మూడు హైడ్రోజన్లూ సమానమని ఆ గీతలే చెబుతాయి.