వర్చువల్ పిన్‌బాల్ కంట్రోలర్ కిట్ రివ్యూ: ప్లంజర్ అద్భుతం, కానీ డయోడ్లేవీ?

నమస్తే అండీ. వర్చువల్ పిన్‌బాల్ అంటే ఆట బల్ల బదులు టీవీ తెర ఉన్న క్యాబినెట్‌లో కంప్యూటర్ మీద ఆడే పిన్‌బాల్. దాని బటన్లనీ మిగతా భాగాలనీ కంప్యూటర్‌కి కలిపే ఈ కంట్రోలర్ కిట్‌ని తయారీదారులే రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఈ వీడియో ముందుగా చూడనూ లేదు. స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికి చదివే ఉంటారు: 24 బటన్లు, క్యాబినెట్‌ని కుదిపితే పసిగట్టే యాక్సిలరోమీటర్, ప్లంజర్‌కి (లాగి వదిలి బంతిని కొట్టే స్ప్రింగు రాడ్) సెన్సర్, కాయిల్స్‌కి (కరెంటు ఇస్తే టక్కున కొట్టే విద్యుదయస్కాంతాలు) అవుట్‌పుట్లు. బటన్లు విండోస్‌కి జాయ్‌స్టిక్‌లా కనిపిస్తాయి, చక్కగా పనిచేస్తాయి. అందుకే నేరుగా ప్లంజర్ దగ్గరికి వెళ్దాం.

కీబోర్డు మీద మీట నొక్కి బంతి వదిలితే పిన్‌బాల్ ఆడినట్టే ఉండదండీ. స్కిల్ షాట్, అంటే బంతిని మొదట్లోనే గురిచూసి పంపడం, అంతా ఎంత లాగి వదిలామన్నదాని మీదే ఉంటుంది. చాలా కిట్లలో దీనికి స్లైడ్ పొటెన్షియోమీటర్ (జరిపేకొద్దీ రీడింగ్ మారే భాగం, ముద్దుగా పాట్) ఇస్తారు. ప్లంజర్ కదిలేది దాదాపు 8 సెంటీమీటర్లు. 60 మిల్లీమీటర్ల పాట్ పెడితే చివరి రెండు సెంటీమీటర్లు దానికి అందవు. 100 మిల్లీమీటర్లది కావాలి, అదీ జరిపినంత మేరకే సమానంగా రీడింగ్ మారే లీనియర్ రకమే. పైగా లోపలి ట్రాక్ అరిగేకొద్దీ రీడింగ్ వణుకుతుంది. ఈ కిట్‌లో ఉన్నది ఆప్టికల్ సెన్సర్. రాడ్‌ని తాకదు కాబట్టి అరుగుదల లేదు, స్ప్రింగుకి అడ్డూ లేదు.

అసలు గొప్పదనం ఫర్మ్‌వేర్‌లో, అంటే బోర్డులో నడిచే ప్రోగ్రామ్‌లో ఉంది. పూర్తిగా లాగి వదిలిన ప్లంజర్ ముందుకు రావడానికి సుమారు 30 మిల్లీసెకన్లు పడుతుంది. యూఎస్‌బీ రిపోర్టు 10 మిల్లీసెకన్లకి ఒకటి వెళ్తే, ఆలోపు కంప్యూటర్‌కి చేరేవి రెండు మూడు రీడింగులే. అవి ఎక్కడ పడతాయో చెప్పలేం. అందుకే ఒకే దూరం లాగినా బంతి ఒకసారి దూసుకెళ్తుంది, ఇంకోసారి సగంలోనే ఆగుతుంది. ఈ బోర్డు మాత్రం వదిలిన క్షణాన్ని తానే పసిగట్టి, ఎంత లాగారో అంత దెబ్బనే గేమ్‌కి పంపుతుంది. పిన్‌స్కేప్ అనే ఓపెన్ సోర్స్ కంట్రోలర్‌లో ఉన్న పద్ధతే ఇది. ఇక్కడ బాగా కుదిరింది. మళ్లీ మళ్లీ అదే షాట్ పడుతుంటే ఎంత హాయిగా ఉంటుందో!

కాలిబ్రేషన్ ఇలా చేయండి. ప్లంజర్‌ని ముట్టుకోకుండా బటన్ నొక్కి పట్టుకోండి, లైటు మారాక పూర్తిగా లాగి వదలండి, అలా నాలుగైదు సార్లు. విజువల్ పిన్‌బాల్ అనే గేమ్ ప్రోగ్రామ్‌లో ప్లంజర్‌కి జెడ్ యాక్సిస్ ఇచ్చి, డెడ్‌జోన్ (చిన్న కదలికల్ని పట్టించుకోని మేర) సున్నా చేయండి. ఒక్క టేబుల్‌లోనే, అంటే ఆ ప్రోగ్రామ్‌లోని ఒక్క ఆటలోనే ప్లంజర్ కదలకపోతే తప్పు సెన్సర్‌ది కాదు, ఆ టేబుల్‌లో మెకానికల్ ప్లంజర్ ఆప్షన్ ఆన్ చేసి ఉండదు.

ఇప్పుడు కోపం తెప్పించిన సంగతి. కాయిల్ అవుట్‌పుట్లకి ఎదురు వోల్టేజీని అణిచే ఫ్లైబ్యాక్ డయోడ్లు లేవు! కాయిల్‌కి కరెంటు ఆగిన క్షణంలో ఎదురు వోల్టేజీ ఎగదన్నుతుంది. దానికి కాయిల్‌ని ఆన్-ఆఫ్ చేసే మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ కాలిపోతుంది, లేదా ఆట మధ్యలో యూఎస్‌బీ తెగిపోతుంది. కొత్తగా కట్టేవాళ్లు కేబుల్ పాడైందనుకుని రోజులకి రోజులు వెతుక్కుంటారు. ప్రతి కాయిల్ టెర్మినళ్ల మీదే ఒక 1ఎన్4007 డయోడు పెట్టండి, గీత ఉన్న కొన ప్లస్ వైపు. తిప్పి పెట్టారంటే కాయిల్ ఆన్ కాగానే షార్టే. క్యాబినెట్‌ని టక్కుమని కొట్టి చప్పుడు చేసే నాకర్ కాయిల్‌కి ఫర్మ్‌వేర్‌లో టైమ్ లిమిట్ తప్పక పెట్టండి. అది క్షణకాలం కొట్టడానికే చేసింది, గేమ్ హ్యాంగై కరెంటు అలాగే ఉండిపోతే కాలిపోతుంది.

యాక్సిలరోమీటర్ బోర్డు మీదే ఉంది కాబట్టి బోర్డుని క్యాబినెట్ అడుగున స్క్రూలతో బిగించండి. టేపు వద్దు. కాయిల్స్ పక్కన అసలే వద్దు, ఫ్లిప్పర్ (బంతిని కొట్టే రెక్క) కొట్టినప్పుడల్లా టిల్ట్ అవుతుంది, అంటే మీరు క్యాబినెట్‌ని కుదిపారనుకుని గేమ్ శిక్షిస్తుంది.

టీవీ గురించి ఒక్క మాట. ముందు టీవీ కొని, కొలిచి, ఆ తర్వాతే ప్లైవుడ్ కోయండి. స్టాండర్డ్ క్యాబినెట్ లోపలి వెడల్పు 20.5 అంగుళాలు, టీవీని నిలువుగా తిప్పి పడుకోబెడతాం కాబట్టి దాని ఎత్తు ఆ వెడల్పులో పట్టాలి, 43 అంగుళాల తెర ఎత్తే 21 దాటుతుంది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయకపోతే ఏ కంట్రోలరూ ఫ్లిప్పర్ లాగ్‌ని (బటన్ నొక్కాక వచ్చే ఆలస్యాన్ని) తగ్గించలేదు.

నా తీర్పు: ప్లంజర్ కోసం కొనండి. ఆ అనుభూతి ముందు మిగతా లోపాలు నాకు చిన్నవే. డయోడ్లు మాత్రం కిట్‌తో పాటే తెప్పించుకోండి, అవి పెట్టాకే కాయిల్స్ సప్లై ఆన్ చేయండి. వైరింగ్ బొమ్మ డిస్క్రిప్షన్‌లో ఉంది.