వినడానికి వెళ్దాం రండి
(రాజమహేంద్రవరంలో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారమండి.

"రాజమండ్రిలో సాయంత్రం ఏడు దాటాక వెళ్లడానికి ఏముందండీ, సినిమా హాలు తప్ప?" అని ఈమధ్య కాలేజీ పిల్లలు అడుగుతున్నారు. ఉద్యోగాల మీద కొత్తగా మన ఊరొచ్చినవాళ్లూ ఇదే అడుగుతున్నారు. బోలెడుందండి. రాజమండ్రిలోనే కాదు, కాకినాడలో, భీమవరంలో, అమలాపురంలో, పాలకొల్లులో ఉంది. పద్యం ఉంది, హరికథ ఉంది, నాటకం ఉంది, కచేరీ ఉంది. కుర్రాళ్లు పెట్టుకుంటున్న ఓపెన్ మైకులూ ఉన్నాయి. వీటిలో చాలావాటికి టిక్కెట్టు లేదు. ముందు వరస కుర్చీలు మాత్రం ఖాళీగా ఉంటున్నాయి. అది నాకు నిజంగా బాధ.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ డెల్టాలో కవిత్వం ఎక్కువగా బతికింది చెవుల్లో. పుస్తకం కొనే స్తోమతు లేనివాళ్లూ, అక్షరం రానివాళ్లూ విని, నోటికి పట్టుకుని, పక్క ఊరికి చేరవేసి దాన్ని నిలబెట్టారు. వినడం అప్పుడు ఒక పని. ఆ పని మళ్లీ మనం చేతిలోకి తీసుకోవాలి.

1907 సంగతి చెప్తాను. వందేమాతరం ఉద్యమం రోజుల్లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఈ ఊరొచ్చారు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులో చెప్పారు. చివర చిలకమర్తి వారు ఆశువుగా ఒక పద్యం చదివారు. భరతఖండం చక్కని పాడియావు. జనం ఏడుస్తున్న లేగదూడలు. తెల్లవాళ్లేమో ఆ దూడల మూతులు బిగించి కట్టి పాలు పితుక్కుంటున్న గడుసరులు. తేటగీతి అనే ఛందస్సులో నాలుగు పాదాలు, అంతే. ఆ పద్యం ఆంధ్రదేశమంతా పాకింది. ఎలా పాకింది? సభలో విన్నవాళ్లు ఇంటికి పట్టుకెళ్లారు. ఛందస్సు చేసే ఉపకారం అదే. గణాల నడక, అంటే అక్షరాల తూకం చెవిలో పడి, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో శబ్దం కలిసే చోటు ఎక్కడొస్తుందో తెలిసిందంటే తరవాతి మాట దానంతటదే నోటికొస్తుంది.

పాటలూ అలాగే నడిచాయి. గరిమెళ్ల సత్యనారాయణ గారు "మాకొద్దీ తెల్లదొరతనము" పాడి జైలుకెళ్లారు. ఆ పాటకి జవాబుగా మన రాజమండ్రి కవి కుసుమ ధర్మన్న గారు "మాకొద్దీ నల్లదొరతనము" అని రాశారు. తెల్లదొర పోతాడు సరే, ఊళ్లో మమ్మల్ని అంటరానివాళ్లని చేసిన దొరతనం మాటేమిటి అని అడిగారు. పాటకి పాటే జవాబు. ఇవాళ స్పోకెన్ వర్డ్ అంటూ కుర్రాళ్లు స్టేజీ మీదికొచ్చి తమ కోపం తమ మాటల్లో చెప్తుంటే, ఇదేదో బయటినుంచి వచ్చిన వింత అని పెద్దవాళ్లు కొందరు మొహం చిట్లిస్తారు. ధర్మన్న గారి ఊళ్లో ఉండి ఆ మాట అనకూడదండి.

ఇక అవధానం, అంటే పలువురు అడిగినవాటికి అక్కడికక్కడే పద్యాలల్లి, అన్నీ గుర్తుపెట్టుకుని చెప్పే విద్య. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ప్రపంచంలో ఎవరైనా "మీ దగ్గర లైవ్ పొయెట్రీ ఉందా" అని అడిగితే, నేను మొదట చూపించేది ఇదే.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారిది మన పక్కనున్న కడియం. దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి. ఈ ఇద్దరూ తిరుపతి వేంకట కవులై, అవధానాన్ని పండితుల మధ్యనుంచి జనం మధ్యకి తెచ్చారు. ఆ తీగ ఇంకా తెగలేదు. 1996లో గరికిపాటి నరసింహారావు గారు, వెయ్యిమందికి పైగా అడిగేవాళ్లుండే మహాసహస్రావధానం చేసింది కాకినాడలోనే.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే అడిగేవాళ్లు. ఒకరు సమస్య ఇస్తారు, అంటే అర్థం పొసగని ఒక పాదమిచ్చి పద్యం పూర్తి చేయమంటారు. ఒకరు దత్తపది, ఇచ్చిన మాటలన్నీ పద్యంలో ఇమడాలి. ఒకరు వర్ణన. ఒకరు నిషిద్ధాక్షరి, అవధాని ఒక్కో అక్షరం చెప్తుంటే తరవాత ఏ అక్షరం వాడకూడదో చెప్పి అడ్డుపడతారు. ఇంకొకరు మధ్యమధ్య గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో అవధాని లెక్కపెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవారు సందు చూసుకుని సంబంధం లేని ప్రశ్నలేసి ఏకాగ్రత చెదరగొట్టాలని చూస్తారు. పద్యం ఒకేసారి పూర్తి చేయరు. మొదటి ఆవృత్తిలో పృచ్ఛకుడికొక పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళ్లిపోతారు. మళ్లీ తిరిగొచ్చి రెండో పాదం. అంటే మూడు నాలుగు పద్యాలు సగం సగం కట్టి తలలో నిలబెట్టుకోవాలి. చివర ధారణ: కాగితం ముక్క లేకుండా అన్నీ వరసగా అప్పజెప్పాలి.

ఇందులో మీ పని ఏమిటి? నిషిద్ధాక్షరి తీసుకోండి. విషయం గోదావరి అన్నారనుకోండి. అవధాని "గౌ" అంటారు. హాల్లో అందరికీ గౌతమి తడుతుంది. పృచ్ఛకుడు వెంటనే "త వద్దు" అంటారు. ఇప్పుడు అవధాని ఎటు వెళ్తారు? "ర" అంటే గౌరి వైపా, గౌరవం వైపా? ఆయన "ర" అనగానే పృచ్ఛకుడు "వ" ఆపుతారా, ఇంకోటి ఆపుతారా? మీరూ లోపల ఒక అక్షరం పందెం కాసి కూర్చోండి. క్రికెట్టు చూస్తూ తరవాతి బంతి ఎక్కడ పడుతుందో చెప్పే పిల్లలు ఇది ఇంకా బాగా ఆడగలరు. అవధాని మీరు ఊహించని దారిలో వెళ్లి పాదం పూర్తిచేసినప్పుడు చప్పట్లు కొట్టమని ఎవరూ చెప్పక్కర్లేదు.

దత్తపది ఇంకా సరదా. కారు, ఆటో, లారీ, వ్యాను ఇచ్చి సీతారామ కల్యాణం చెప్పమంటారు. పెళ్లి పందిట్లో లారీ ఎక్కడినుంచి వస్తుంది? మీరూ వెతకండి. "కారుణ్యము"లో కారుంది. "ఆటోపము"లో ఆటో ఉంది. "కలారీతి"లో లారీ దొరికింది. "నవ్యానురాగము"లో వ్యాను దాక్కుంది. ఈ నాలుగూ ఇప్పుడు నేను కూర్చుకున్నవి. వీటితో పద్యం కట్టడం నావల్ల అయ్యే పని కాదు. కానీ ఈ వెతుకులాట అలవాటైతే, తెలుగు మాటల కడుపులో ఇంకెన్ని మాటలున్నాయో కనిపిస్తుంది. తెలుగు మీడియంలో చదవలేదు కాబట్టి మాకు అర్థం కాదని అనకండి. మొదటి అవధానంలో సగం పోతుంది, పోనివ్వండి. రెండోదానికి సమస్య ఎక్కడ మలుపు తిరిగిందో పట్టుకుంటారు.

అదే తిరుపతి వేంకట కవులు పాండవోద్యోగ విజయాలు రాశారు. ఆ నాటకాల్లో పద్యాలు పలకాబలపం పట్టనివాళ్లకి కూడా కంఠతా వచ్చేశాయి. రాయబారం సీను ఇప్పటికీ తీర్థాల్లో, శ్రీరామనవమి పందిళ్లలో ఆడుతూనే ఉన్నారు. హార్మోనియం శ్రుతి అందుకోగానే కృష్ణుడు పద్యం ఎత్తుకుంటాడు, చివర రాగం తీస్తాడు, జనం "వన్స్ మోర్" అంటారు. నా అభిప్రాయం ఒకటి చెప్తాను, మీకు నచ్చకపోవచ్చు. పద్యం మాట మాటగా వినిపించాక రాగం ఎంతసేపు తీసినా బాగుంటుంది. మాట నమిలేసి రాగం మాత్రం సాగదీస్తే వన్స్ మోర్ అనకండి. బాగా విరిచి చెప్పిన పద్యానికే అనండి. నటుడికి ఏది ఇష్టమో చెప్పేది మీ గొంతే. నాలుగు ఊళ్లలో జనం అలా అంటే అయిదో ఊళ్లో ఆయన పద్యం మారుతుంది.

హరికథ దగ్గరికొస్తే, మన డెల్టా గర్వంగా చెప్పుకోవాల్సిన ఊరు కపిలేశ్వరపురం. గౌతమి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో సర్వారాయ హరికథా పాఠశాల నడుస్తోంది. హరికథా పితామహుడని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసు గారి కాలంలో హరికథ అంటే ఎక్కువగా మగవాళ్ల విద్య. ఈ పాఠశాలలో చదువుకున్న అమ్మాయిలు ఎందరో ఇప్పుడు కాళ్లకి గజ్జె కట్టి, చేతిలో చిడతలు పట్టుకుని తెలుగునాడంతా కథ చెప్తున్నారు. కథ చెప్పే మనిషి ఒక్కరే. ఆవిడే సీత, ఆవిడే రావణుడు, మధ్యలో ఆవిడే మన ఊరి అత్తగారు. పాట, వచనం, అభినయం, నాట్యం ఒకే మనిషి నడిపించే కళ ఇది. కాళ్లు కనిపించే చోట కూర్చోండి. మృదంగం వాయించే ఆయన కూడా కళ్లు ఆ కాళ్ల మీదే పెట్టుకుంటారు. పిట్టకథ వచ్చినప్పుడు చూడండి, పురాణం ఆపి నిన్నటి సంగతి చెప్పి, అక్కడినుంచి అతుకు కనిపించకుండా మళ్లీ లంకలో దిగుతారు. స్టేజీ మీద మాట్లాడాలనుకునే ప్రతి కుర్రాడూ నేర్చుకోవాల్సిన విద్య అది. డబ్బు పోసి కోర్సుల్లో చేరేముందు ఒక రాత్రి వెళ్లి హరికథ వినండి.

సంగీతానికి కాకినాడ వెళ్లాలి. ఇక్కడినుంచి అరవై కిలోమీటర్లు, ఎంతసేపండి. అక్కడి సరస్వతీ గానసభకి వందేళ్లు దాటాయి. ఈ నేల ఎవరెవరిని ఇచ్చిందో ఒక్కసారి తలుచుకోండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పుట్టింది కోనసీమలో శంకరగుప్తం. వైణికులు ఈమని శంకరశాస్త్రి గారిది ద్రాక్షారామం. ఆయన శిష్యులు చిట్టిబాబు గారిది కాకినాడే. బాలమురళి గారు నాలుగంటే నాలుగు స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు చేశారు. ఆ నాలుగు స్వరాలూ ఎక్కడెక్కడ ఆగుతున్నాయో వినడానికి సంగీతం నేర్చుకుని ఉండక్కర్లేదు, ఫోను జేబులో పెట్టుకుంటే చాలు. వీణ కచేరీకి వెళ్తే వీలైనంత ముందు కూర్చోండి. తీగని పక్కకి లాగి గమకం తీసేటప్పుడు నాదం సన్నబడి సన్నబడి పోతుంది. వెనక వరసకి అందేది స్పీకరులోంచి వచ్చే మోత మాత్రమే. ఇంకో మాట. తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలవాళ్లు మాత్రమే వాయించే భాగం మొదలుకాగానే సగం సభ కాఫీకి లేస్తుంది. దయచేసి లేవకండి. మృదంగం, ఘటం వాయించేవాళ్లు అప్పటిదాకా ఇంకొకరికోసం వాయించారు. వాళ్ల మాట వాళ్లు చెప్పుకునేది ఆ కాసేపే.

కవి సమ్మేళనాల గురించి మనసులో ఉన్నది చెప్పేస్తాను. ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక ప్రతి ఊళ్లోనూ కవి సమ్మేళనం ఉంటుంది. పాతికమంది కవుల్ని పిలుస్తారు. వేదిక మీద పెద్దల ప్రసంగాలకీ, దుశ్శాలువాలకీ, జ్ఞాపికలకీ గంటన్నర పోతుంది. తరవాత ఒక్కో కవికి మూడు నిమిషాలు, "త్వరగా ముగించండి" అని చీటీ. అన్నం వేళకి పిలిచి విస్తరి వేసి వడ్డించకుండా పంపడం కదండీ ఇది. అయిదుగురినే పిలవండి. ఒక్కొక్కరి చేత నాలుగు కవితలు చదివించండి. శాలువా చివర కప్పినా వెచ్చగానే ఉంటుంది.

ఓపెన్ మైకు పెట్టుకునే పిల్లలకి ఆ బాధ లేదు, అందుకు నాకు సంతోషం. మైకు ముందుకి ఎవరైనా రావచ్చు. తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి, ఇంగ్లీషులోకి వెళ్లొస్తారు, వెళ్లనివ్వండి. కానీ బాబూ, మన యాసలో రాసుకొచ్చిన కవితని స్టేజీ ఎక్కగానే టీవీ యాంకరు గొంతులో చదవకండి. అమలాపురం అమ్మాయి "ఏటండీ" అంటే ఆ కవితకి ఊరొస్తుంది. ఫోనులో చూసి చదివితే తల దించుకుంటారు, మాట నేల మీద పడుతుంది. మీ కవిత మీకే కంఠతా రాకపోతే విన్నవాడు ఎలా గుర్తుపెట్టుకుంటాడు? వినేవాళ్లకీ ఒక విన్నపం. మీ స్నేహితుడు చదవడం అయిపోగానే గుంపంతా లేచి వెళ్లిపోకండి. ఆ తరవాత వచ్చేది బహుశా మొదటిసారి మైకు పట్టుకున్న పిల్ల అయి ఉంటుంది.

ఎప్పుడు, ఎక్కడ అంటారా. దసరాకి అమ్మవారి పందిళ్లు, కార్తీకంలో శివాలయాలు. సంక్రాంతి నుంచి భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు; అక్కడ రాత్రిళ్లు నాటకాలు, బుర్రకథలు వరసగా సాగుతాయి. ఉగాది, శ్రీరామనవమి సంగతి చెప్పాను. మిగతా రోజుల్లో ఇక్కడ ఆనం కళాకేంద్రం, కాకినాడలో సూర్యకళా మందిరం బయట బ్యానరు చూడండి. గౌతమీ గ్రంథాలయానికి చదువుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడ పెద్దవాళ్లని పలకరించండి, వాళ్లకి అన్నీ తెలుసు. జిల్లా పేపర్లో ఆ రోజు కార్యక్రమాల చిన్న పెట్టె ఉంటుంది, క్రీడల పేజీకి వెళ్లేముందు ఒక్క నిమిషం అది చూడండి. అర్ధరాత్రి దాటే నాటకానికి వెళ్తే తిరుగు బస్సు ఉండదు, నలుగురు కలిసి వెళ్లండి.

చివరగా తెలుగు శాఖ విద్యార్థులకి. ఈసారి అవధానం జరుగుతుందని తెలిస్తే ప్రేక్షకుల్లా ముందు వెళ్లండి. ఆ తరవాతి దానికి నిర్వాహకుల్ని కలిసి పృచ్ఛకులుగా అవకాశం అడగండి. వర్ణన అడగండి, మొదటిసారికి అది సులువు. విషయం మీ ఊరిదే ఇవ్వండి: ధవళేశ్వరం ఆనకట్ట మీద వరద, కడియం నర్సరీలు, వేసవిలో కట్టేసిన కాలవ, ఏదైనా. ఛందస్సు మీరే కోరవచ్చు. ఉత్పలమాల అడిగితే ఉత్పలమాలలోనే చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం మాత్రం రెండుమూడు సభలు చూశాక తీసుకోండి, దానికి నోటి చురుకు కావాలి. సమస్యలు రాసుకుంటే నాకు చూపించండి. గణాలు సరిచూసి ఇస్తాను.