పెరిగిన సంపద, అడ్డా మీద కూలి

శ్రోతలకు నమస్కారం. దేశం ముందుగా సంపద పెంచుకోవాలి, పంపకం సంగతి తర్వాత చూసుకోవచ్చు అనే మాట ఆర్థిక చర్చల్లో తరచు వినిపిస్తుంది. ఈ వాదానికి పాండిత్యపు అండ 1955లో దొరికింది. వ్యవసాయం నుంచి పరిశ్రమలకు మళ్లే దేశాల్లో అసమానతలు మొదట పెరిగి, కొంతకాలం నిలకడగా ఉండి, ఆపైన తగ్గుతాయని అమెరికన్ ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ ఆ ఏడాది ప్రతిపాదించారు. ఆయన ఆధారపడిన లెక్కలు ప్రధానంగా అమెరికా, బ్రిటన్, జర్మనీలవి. తన వ్యాసంలో వాస్తవ సమాచారం 5 శాతం, ఊహ 95 శాతం ఉండవచ్చునని ఆయనే రాసుకున్నారు. తర్వాతివారు ఆ జాగ్రత్తను వదిలేసి ప్రతిపాదనను సూత్రంలా పట్టుకున్నారు. ఓపిక పట్టమని చెప్పేవారు సాధారణంగా ఓపిక పట్టవలసిన స్థితిలో ఉండరన్నది వేరే సంగతి.

తూర్పు ఆసియాలో వరస తిరగబడింది. కౌలు పంటలో 37.5 శాతానికి మించరాదని 1949లో కట్టడి చేసిన తైవాన్, 1953లో దున్నేవారికే భూమిని బదలాయించింది. దక్షిణ కొరియా 1950 ప్రాంతంలో భూమికి 3 హెక్టార్ల పరిమితి పెట్టి, మిగులును కౌలుదార్లకు ఇచ్చింది. ఆ దేశాల ఎగుమతులు పరుగందుకున్నది ఆ తర్వాతే. మన హైదరాబాద్ రాష్ట్రంలోనూ 1950లో కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదార్లకు హక్కులు రాసిచ్చింది. ఆ హక్కు కాగితం దాటి పొలం గట్టు దాకా చేరిన చోట్లు తక్కువ. భూమి అందని కుటుంబాలు వానలు తప్పిన ఏడల్లా వలసబాట పట్టాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీ అనే పేరు అలా వచ్చిందే.

ఇవాళ రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో తెలంగాణకే ముందుంది. అక్కడి బహుళ అంతస్తుల భవనాలకు పునాదులు తవ్వేవారిలో చాలామంది తెల్లవారేసరికి హైదరాబాద్ నగరంలో కూలీలు పని కోసం ఎదురుచూసే అడ్డాల మీద పార, తట్ట, సద్ది డబ్బాతో నిలబడి ఉంటారు. బండి ఆగగానే పదిమంది మూగుతారు. మేస్త్రీకి ఒక రేటు, మగకూలీకి ఒకటి, ఆడకూలీకి అంతకంటే తక్కువ. పొద్దున్నే చెప్పిన కూలి ఎండెక్కేకొద్దీ దిగుతుంది, ఎందుకంటే ఆ తర్వాత పిలిచేవారు ఉండరు. రంగరాజన్ కమిటీ 2014లో, 2011-12 ధరల ప్రకారం, పట్టణాల్లో మనిషికి రోజుకు 47 రూపాయల ఖర్చును పేదరిక రేఖగా గీసింది. పని దొరికిన రోజున ఆ కుటుంబం రేఖకు పైనే ఉండవచ్చు. దొరకని రోజున అప్పు మీద ఉంటుంది. సగటులో ఈ తేడా కనిపించదు.

ఇలాంటివారి కోసం చట్టం లేదనలేము. నిర్మాణ వ్యయంలో కనీసం 1 శాతం సెస్సుగా వసూలు చేసి, ఆ సొమ్ముతో సంక్షేమ బోర్డులు ప్రమాద పరిహారం, ప్రసూతి సాయం వంటివి ఇవ్వాలని 1996లో పార్లమెంటు నిర్దేశించింది. భవనాలు పెరిగేకొద్దీ నిధి పెరుగుతుంది కనుక, వృద్ధితో కూలీ వాటాను నేరుగా ముడిపెట్టిన అరుదైన ఏర్పాటు ఇది. చిక్కంతా పేరు నమోదు దగ్గర వచ్చింది. గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు చూపాలి. ఇవాళ కొండాపూర్‌లో ఒకరి దగ్గర, రేపు ఉప్పల్‌లో మరొకరి దగ్గర పనిచేసి, ఎల్లుండి ఖాళీ చేతులతో తిరిగివచ్చే మనిషికి ఆ రుజువు ఎవరు రాసిస్తారు? దేశమంతటా ఈ సెస్సు నిధుల్లో వేల కోట్ల రూపాయలు ఖర్చు కాకుండా మిగిలిపోవడాన్ని సుప్రీంకోర్టు 2018లో తీవ్రంగా తప్పుపట్టింది.

సెస్సు ఎలాగూ భవన అనుమతులతో ముడిపడి ఉన్నప్పుడు, ఆ నిర్మాణంలో ఎవరెవరు ఎన్ని రోజులు పనిచేశారో చూపే మస్టరును కూడా అదే అనుమతికి జతచేయించవచ్చు. అప్పుడు 90 రోజుల రుజువు చూపే బాధ్యత కూలీ నెత్తిన కాక కాంట్రాక్టరు మీద పడుతుంది.